అధిక ఆవేశ అయాన్ల రేడియోధార్మిక విఘటనం

పరమాణువు నుండి అనేక ఎలక్ట్రాన్లను, కొన్నిసార్లు అన్నింటినీ, తొలగించగా మిగిలిన అయాన్లను అధిక ఆవేశ అయాన్లు అంటారు. వీటిని శూన్యంలో విద్యుత్, అయస్కాంత క్షేత్రాలతో బంధించి, వాటి కేంద్రకాల విఘటనాన్ని, అర్ధాయువును కొలవడం కేంద్రక భౌతికశాస్త్రంలో ఒక పరిశోధనాంశం. ఉష్ణోగ్రత, పీడనం, రసాయన సంయోగం రేడియోధార్మికతను మార్చజాలవని పాఠ్యపుస్తకాలు చెప్పే నియమం సాధారణ పదార్థానికి చక్కగా సరిపోతుంది. ఎలక్ట్రాన్లను ఒలిచివేసినపుడు మాత్రం అది నిలువదు.

కారణం

కొన్ని విఘటనాలకు కక్ష్యలోని ఎలక్ట్రాన్లు అవసరం. ఎలక్ట్రాన్ ప్రగ్రహణంలో కేంద్రకం తనకు దగ్గరి ఎలక్ట్రానును గ్రహిస్తుంది. ఒక ప్రోటాను న్యూట్రానుగా మారి, న్యూట్రినో వెలువడుతుంది. ఎలక్ట్రాన్లే లేకపోతే ఈ మార్గం మూసుకుపోతుంది. బెరీలియం-7 అర్ధాయువు సుమారు 53 రోజులు. విశ్వకిరణాలలో ఎలక్ట్రాన్లు లేకుండా పయనించే అదే కేంద్రకం విఘటనం చెందదు.

దీనికి విపర్యయం కూడా ఉంది. బీటా విఘటనంలో పుట్టిన ఎలక్ట్రానుకు, లోపలి కక్ష్యలు నిండి ఉన్నందున, సాధారణంగా అక్కడ చోటుండదు. పరమాణువును వదలిపోవలసినదే. ఆ కక్ష్యలు ఖాళీగా ఉంటే అది అక్కడే స్థిరపడవచ్చు. దీనిని బంధితస్థితి బీటా విఘటనం అంటారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రేమాన్ డోడెల్, ఆయన సహచరులు 1947లోనే దీనిని ఊహించారు. రుజువు కావడానికి నలభై అయిదేళ్ళు పట్టింది.

ప్రయోగాలు

జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో గల జి.ఎస్.ఐ. పరిశోధనా కేంద్రంలో సుమారు 108 మీటర్ల చుట్టుకొలత గల నిల్వ వలయం ఉంది. ఇది ఒక రకంగా అయాన్లకు పెద్ద బోను. సాధారణ స్థితిలో స్థిరమైన డిస్ప్రోసియం-163, మొత్తం 66 ఎలక్ట్రాన్లనూ కోల్పోయినపుడు సుమారు 47 రోజుల అర్ధాయువుతో హోల్మియంగా మారుతుందని 1992లో ఇక్కడ కనుగొన్నారు. 1996 నాటి ఫలితం మరింత విస్మయకరం. రీనియం-187 అర్ధాయువు సుమారు 4,200 కోట్ల సంవత్సరాలు. ఎలక్ట్రాన్లన్నీ తొలగిస్తే అది సుమారు 33 సంవత్సరాలకు పడిపోయింది.

ఎలక్ట్రాన్లు తగ్గితే ప్రగ్రహణమూ మందగించాలి కదా! కాని ఒకే ఎలక్ట్రాను గల ప్రసియోడిమియం-140 అయాను, రెండు ఎలక్ట్రాన్లు గలదానికంటే సుమారు ఒకటిన్నర రెట్లు వేగంగా ప్రగ్రహణం చెందుతుందని 2007లో ప్రకటించారు. కేంద్రకపు స్పిన్, ఎలక్ట్రాను స్పిన్ కలిసే తీరు ఇందుకు కారణం.

కెనడాలోని వాంకూవర్ నగరంలో, ట్రయంఫ్ ప్రయోగశాలకు చెందిన టైటన్ పరికరంలో పద్ధతి వేరు. అక్కడ చిన్న బోనులోని అయాన్లను తీవ్రమైన ఎలక్ట్రాన్ పుంజంతో ఒలుస్తారు. విఘటనంలో వెలువడే బీటా కణాలను అయస్కాంత క్షేత్రం బోను కొనలవైపు నడిపిస్తుంది. అందువల్ల పక్కన అమర్చిన శోధకాలు బలహీనమైన ఎక్స్-కిరణాలను సైతం స్పష్టంగా గుర్తించగలవు.

నక్షత్రాలు, శిలలు

నక్షత్ర గర్భంలోని వేడికి పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోతాయి గనుక, అక్కడి కాలగణనకు ప్రయోగశాలలోని సాధారణ అర్ధాయువులు చాలవు. ఎలక్ట్రాన్లు లేని థాలియం-205 అర్ధాయువు 291 రోజులని 2024లో ప్రచురించారు. సూర్యుని కన్న వాయుమేఘం, ఇతర నక్షత్రాల నుండి కొత్త మూలకాలు అందకుండా వేరుపడిన తరువాత, సూర్యుడు రూపొందడానికి ఒకటి రెండు కోట్ల సంవత్సరాలు పట్టిందని దీని ఆధారంగా అంచనా వేశారు.

భూమిపై శిలల విషయం వేరు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల గుట్టలలోని గ్రానైటులో, లేపాక్షి నందిని చెక్కిన రాతిలో కూడా, పొటాషియం ఉంది. దాని పరమాణువులలో పదివేలకు సుమారు ఒకటి పొటాషియం-40. దీని అర్ధాయువు సుమారు 125 కోట్ల సంవత్సరాలు. ఇందులో దాదాపు 11 శాతం ఎలక్ట్రాన్ ప్రగ్రహణం ద్వారా ఆర్గాన్‌గా, మిగిలినది బీటా విఘటనం ద్వారా కాల్షియంగా మారుతుంది. ఖనిజంలో చిక్కుకున్న ఆర్గాన్‌ను కొలిచి శిల వయస్సు లెక్కిస్తారు. ఖనిజంలోని పొటాషియం కూడా అయానే అయినా, అది కోల్పోయేది వెలుపలి ఎలక్ట్రాను ఒక్కదానినే. కేంద్రకం ప్రధానంగా గ్రహించేది లోపలి ఎలక్ట్రానును గనుక ఈ లెక్క చెడదు.