కరివిరాల కొత్తగూడెం ఆడబిడ్డ

మా సూర్యాపేట, తుంగతుర్తి పల్లెల్లో తొంభై దగ్గరపడ్డ ఆడవాళ్లను కదిలిస్తే సంవత్సరాలు చెప్పరు. ‘సంగం రాకముందు’ అంటారు, ‘సంగం వచ్చినంక’ అంటారు, ‘రజాకార్లప్పుడు’ అంటారు. ఆంధ్ర మహాసభ మా వాళ్లకు సంగమే. రజాకార్లంటే నిజాం పక్షాన ఊళ్ల మీద పడ్డ సాయుధ మూకలు. ఆ మూడు కాలాలూ చూసి, ఆ తర్వాత ఇంకో డెబ్భై ఏళ్లు మా మధ్యనే తిరిగిన మనిషి మల్లు స్వరాజ్యమ్మ. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆమె పట్టిన తుపాకి గురించి ఊరూరా చెప్పుకుంటారు. ఆ తుపాకికి ముందు ఒక తల్లి ఉంది, తర్వాత ఒక నిండు జీవితం ఉంది. మా ప్రాంత చరిత్రలో వాటికీ అంతే చోటు దక్కాలి.

స్వరాజ్యమ్మ 1931లో కరివిరాల కొత్తగూడెంలో భీమిరెడ్డి వారింట పుట్టారు. భూములు, పాలేర్లు ఉన్న ఇల్లు. చుట్టూ చూస్తే వెట్టి, అంటే కూలి లేని చాకిరీ. ఎర్రపహాడ్ దొర జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కిందనే లక్షన్నర ఎకరాలుండేవని కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో రాశారు. దొర కేకేస్తే చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ ఎవరైనా సరే ఉన్న పని వదిలి ఉరకాల్సిందే. బాలింత కూడా చంటిబిడ్డను వదిలి నాట్లకు పోవాల్సిందే.

వెట్టి చేయవద్దని సంగం పిలుపిచ్చినప్పుడు, పదకొండేళ్ల ఆ పిల్ల తమ ఇంటి ధాన్యం తీసి కూలీలకు పంచింది. వెట్టి మానేసిన ఇంట్లో ఆ పూటకు పొయ్యి వెలగాలి కదా! గింజ ఇంట్లో ఉన్నవాడే వెట్టి మానగలడు. అది పసిపిల్ల దయ అని కొట్టిపారేయడానికి లేదు. పోరాటానికి ముందు కావలసింది తిండేనని ఆ వయసుకే పట్టుకుంది.

సొంత చిన్నాయనలు, పెదనాయనలే అడ్డం తిరిగితే వెనక నిలబడ్డది తల్లి చొక్కమ్మ. ఈ సంగతి స్వరాజ్యమ్మ పెద్దవయసులో కూడా గర్వంగా చెప్పుకున్నారు. దొరల కుటుంబంలో ఒక ఆడమనిషి అయినవాళ్లందరికీ ఎదురు నిలిచి, బిడ్డ చేసింది ఒప్పే అనడం ఆ రోజుల్లో చిన్న మాట కాదు. కొడుకు భీమిరెడ్డి నర్సింహారెడ్డి పోరాటంలోకి పోయారు, బిడ్డలూ పోయారు. చొక్కమ్మ పేరు మీద మా దగ్గర ఒక బడికైనా పేరు పెడితే బాగుండునని నాకుంది.

1946 జూలై 4న కడివెండిలో సంగం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు నేలకొరిగాక పోరు సాయుధమైంది. స్వరాజ్యమ్మ మారుపేరుతో రాజక్క అయ్యారు. దళం నడిపారు, అడవుల్లో కోయల మధ్య పనిచేశారు, తలకు పదివేల రూపాయల వెల కట్టించుకున్నారు. అయితే ఊళ్లను కదిలించింది తూటా కన్నా ముందు ఆమె గొంతు. ఉయ్యాల పాటల బాణీలో వెట్టి గురించి, దొరల జులుం గురించి పాడేవారు. బతుకమ్మ ఆడే ప్రతి ఆడపిల్లకూ వచ్చిన బాణీ అది. చదువు రాని వాళ్లకు కరపత్రం అక్కర్లేకుండా పోయింది. ఆ పాటలు విన్న ఆడవాళ్లే గంపలో రొట్టెలు పెట్టుకొని, పైన గడ్డి కప్పి, దళాలకు మోసుకుపోయారు.

1951 అక్టోబరులో పోరాటం ఆగింది. ఆమెకప్పుడు ఇరవై ఏళ్లు! తర్వాత మల్లు వెంకట నర్సింహారెడ్డితో పెళ్లి, పిల్లలు, సంసారం. దళం నడిపిన చేతులతో పిల్లల్ని సాకారు, ప్రజల పనీ వదల్లేదు. తుంగతుర్తి జనం 1978లో, మళ్లీ 1983లో ఎమ్మెల్యేగా గెలిపించారు. సారా వ్యతిరేక ఉద్యమం వచ్చేనాటికి అరవై దాటినా ఆడవాళ్లతో కలిసి నడిచారు.

ముసలితనంలో ఆమెను సభల్లో విన్నవాణ్ని. చెయ్యి పట్టి నడిపించుకొచ్చి కూర్చోబెట్టేవారు. మైకు ముందుకు రాగానే ఆ గొంతు వేరు. కాగితం లేదు, తడుముకోవడం లేదు. మనవరాళ్ల వయసు పిల్లలు ముందు వరుసలో ఉంటే వాళ్ల వైపే చూసి మాట్లాడేవారు. ఇంట్లో నాయనమ్మ మందలించినట్టే ఉండేది, ఎవరూ నొచ్చుకునేవారు కాదు.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నవాళ్లుండబట్టి ఇవన్నీ మనకు మిగిలాయి. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు ఊరూరా తిరిగి పోరాట స్త్రీల మాటలు సేకరించి ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. ఆ తర్వాత ఆమె ఆత్మకథ ‘నా మాటే తుపాకి తూటా’ వచ్చింది. ఈ రెండు పుస్తకాలు లేకపోతే మా పల్లెల ఆడవాళ్ల పాత్ర దొరల గడీ గోడల కన్నా ముందే కూలిపోయేది.

2022 మార్చి 19న హైదరాబాద్‌లో స్వరాజ్యమ్మ కన్నుమూశారు. ఆమె కోరుకున్నట్టే దేహాన్ని నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు అప్పగించారు. జనం వచ్చి ఎర్రజెండాలతో సాగనంపారు.

సంగం నాటికి పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు తొంభై దగ్గర పడుతోంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో అలాంటి అమ్మమ్మలు, నాయనమ్మలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. మీ ఇంట్లో ఉంటే ఈ ఆదివారమే పోయి పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, వెట్టి ఎట్లుండె, దళమొస్తే ఏం వండి పెట్టిండ్రు, ఏ పాట పాడిండ్రు అని అడగండి. వచ్చే ఏడాది చూద్దామని మాత్రం అనుకోకండి.