నాలుగు బోల్టులు, 900 కిలోలు

"ఆపు! ఆపరా!"

రిమోట్ మీంచి కుర్రాడి బొటనవేలు లేచింది. వించ్ ఆగింది. అప్పటికే వ్యాన్ ఫ్లోరు రేకు పూరీలా పొంగి ఉంది.

విజయవాడ ఆటోనగర్. మే నెల సాయంత్రం. షెడ్డంతా గ్రీజు వాసన, కాలిన వెల్డింగ్ రాడ్ల వాసన. ర్యాంపు మొదట్లో, చెక్క దుంగలకి బిగించిన పాత లేత్ మిషను. 900 కిలోలు. దుంగ ముక్కు ర్యాంపు అంచుకి తట్టుకుంది. మిషను కదల్లేదు. మోటారు ఆగలేదు. ఇక లేచింది ఫ్లోరే.

మేస్త్రి వంగి చూశాడు. వించ్ నాలుగు బోల్టులూ ఒట్టి రేకుకే బిగించి ఉన్నాయి. కింద ఏ ఆధారమూ లేదు.

"ఎవడు బిగించాడ్రా ఇది?"

ఎవరూ నోరెత్తలేదు. కొండపల్లి వైపు మబ్బు ఉరిమింది.

లెక్కకైతే భయపడాల్సిందేం లేదు. 20 డిగ్రీల వాలు మీద 900 కిలోలు ఎక్కించడానికి, కింద రోలర్లుంటే, రాపిడి కలుపుకున్నా 400 కిలోల లాగుడు చాలు. ఈ వించ్ 4,500 పౌండ్లది, రెండు టన్నుల పైచిలుకు. చాలామందికి ధీమా ఇక్కడే వస్తుంది. కానీ బరువు ఎక్కడైనా తట్టుకుందా, మోటారు తన బలమంతా బయటికి తీస్తుంది. ఆ రెండు టన్నులూ వచ్చి పడేది బోల్టుల మీదే.

"బాబాయ్, వాన వచ్చేస్తోంది. మిషను తడిస్తే ఓనరు నన్ను బతకనివ్వడు," అన్నాడు డ్రైవరు.

మేస్త్రి వ్యాన్ కింద వెల్లకిలా దూరి, టార్చి నోట కరుచుకుని, డీజిల్ ట్యాంకు ఎక్కడుందో బ్రేకు పైపు ఎటు పోయిందో వేలితో తడిమి చూసుకుని, రెండు ఛాసిస్ పట్టీలకీ అడ్డంగా ఇనప సీ-చానల్ బిగించి, కొత్త బోల్టుల్ని వించ్ ప్లేటులోంచి ఆ చానల్లోకే దింపి, నట్టు నట్టుకీ మందపాటి వాషరు వేసి, స్పానర్ మీద ఒళ్ళంతా వాల్చి తిప్పేసరికి షెడ్డు రేకుల మీద చినుకులు టపటపా మొదలయ్యాయి.

దుంగ తట్టుకోకుండా ర్యాంపు అంచున ఇనప పలక పడింది. దుంగల కింద పైపు రోలర్లు చేరాయి. స్టీలు తాడు మీద తడి గోనెపట్టా పరిచారు, తెగితే ఎగరకుండా.

"డ్రమ్ము మీద ఐదు చుట్లు ఉన్నాయా?"

"ఎక్కువే ఉన్నాయి బాబాయ్."

"నొక్కు."

తాడు బిగిసింది. దుంగలు కిర్రుమన్నాయి. మిషను ముక్కు పైకి లేచింది. జానెడు. మూరెడు. సరిగ్గా ర్యాంపు మధ్యకి వచ్చేసరికి మోటారు మూలిగింది. ఆగిపోయింది.

900 కిలోలు వాలు మీద వేలాడుతున్నాయి.

కుర్రాడు ఆలోచించలేదు. భుజం పెడదామని మిషను వెనక్కి ఉరికాడు.

"వెనక నుంచోకురా! పక్కకి రా!"

షెడ్డు మారుమోగింది. కుర్రాడు పక్కకి దూకాడు. మేస్త్రి పక్కనుంచే చెయ్యి చాచి చెక్క దిమ్మల్ని రోలర్ల వెనక్కి కొట్టాడు. ఒకటి. రెండోది. డ్రమ్ములోని బ్రేకు ఎంతసేపు పట్టుకుంటుంది?

పట్టుకుంది.

"ఇంజను ఆపేశావా?" మేస్త్రి గొంతు తగ్గింది.

డ్రైవరు మొహం పాలిపోయింది. డీజిలు మిగులుతుందని ఆపేశాడు. ఇంజను తిరక్కపోతే వించ్ తినే కరెంటుకి బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది? పరుగున వెళ్ళి తాళం తిప్పాడు. అదృష్టం, ఇంజను అందుకుంది.

మేస్త్రి మోటారు మీద చెయ్యి వేసి, చటుక్కున తీశాడు. కాలుతోంది. జోరువాన. వ్యాన్ తలుపుల్లోంచి జల్లు. ఎవరూ మాట్లాడలేదు. మళ్ళీ చెయ్యి వేశాడు. ఈసారి తియ్యలేదు.

"కొంచెం కొంచెంగా నొక్కు."

దుంగ ఫ్లోరు ఎక్కింది. ఫ్లోరు పొంగలేదు. మిషను మొత్తం లోపలికి జారింది.

డ్రైవరు తలుపు వెయ్యబోయాడు. "తాడు అలాగే ఉండనీ బాబాయ్, దారిలో పట్టుకుంటుంది."

"అది లాగడానికి. కట్టడానికి గొలుసులు తే."

నాలుగు మూలలకీ గొలుసులు బిగిశాయి. అప్పుడు గుర్తొచ్చింది డ్రైవరుకి. "మరి గుడివాడలో దించేదెవరు?"

మేస్త్రి చేతులు తుడుచుకుని ముందు సీట్లోకి ఎక్కాడు.

"రోలర్లు, దిమ్మలు కూడా లోపల పడెయ్యరా. నువ్వూ ఎక్కు."