తెల్ల జాబితాలో మగ్గం

1974లో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది. పెద్ద ఫ్యాక్టరీలను అదుపు చేయడానికే అనిపించినా, మురుగు వదిలే పరిశ్రమ ఎంత చిన్నదైనా రాష్ట్ర కాలుష్య నియంత్రణ బోర్డు సమ్మతి తీసుకోవాల్సి ఉండేది.

డూన్ లోయలో సున్నపురాయి గనులు కొండల్ని తొలిచేశాక, 1989లో కేంద్రం అక్కడి పరిశ్రమలను కాలుష్యాన్ని బట్టి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ అంటూ విడదీసింది. తర్వాత ఆ రంగులే దేశమంతా పాకాయి.

2016 మార్చిలో తెలుపు చేరింది. కాలుష్య సూచీ 20 దాటని 36 రకాల పరిశ్రమలకు బోర్డుకు కబురు చెబితే చాలన్నారు. కొబ్బరి పీచు వస్తువులు, చేత్తో కలిపే సేంద్రియ ఎరువు, చేనేత అందులోవే. కోనసీమలో పీచుతాళ్లు పేనేవారికి ఇది పనికొచ్చే మాటే.

చేనేతకు మాత్రం ఓ మెలిక పెట్టారు: అద్దకం, బ్లీచింగు ఉండకూడదు. పోచంపల్లిలోనేమో నేతకు ముందే నూలును రబ్బరు పట్టీలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. ఆరాక కట్లు విప్పి, మరోచోట కట్టి, ఇంకో రంగు. అంటే మగ్గం తెలుపే గానీ రంగు తొట్టి కాదు. నేతగాడికి చిరాకే అయినా ఈ గీత న్యాయమైనదే. తొట్టిలో మిగిలిన నీళ్లు ఎటో ఒకవైపు పారాలి కదా!

2024లో నీటి చట్టాన్ని సవరించి, అదే ఏడాది నవంబరులో తెల్ల జాబితాను చట్టప్రకారమే సమ్మతి నుంచి మినహాయించారు. గాలి చట్టం కిందా అదే సడలింపు.