24 వోల్టుల బండి

బహదూర్‌పురా దాటి, జూపార్కు గోడ వెంబడి ఆరాంఘర్ వైపు రండి. నెత్తిమీద 2025 జనవరిలో తెరిచిన నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్. కార్లన్నీ దాని మీదికి ఎక్కిపోయాయి. కింద ఆటోలు, సిటీ బస్సులు, బెంగళూరు హైవే పట్టబోయే లారీలు. రోడ్డు వారగా ఆగిన ఆ పది టైర్ల లారీ పక్కన నిలబడండి.

డ్యాష్‌బోర్డు మూత ఊడదీసి సీటు మీద పెట్టారు. లోపల వైర్ల గుత్తి. ఎవరో ఎప్పుడో చుట్టిన నల్లటేపు ఎండకు కరిగి జిగురుజిగురుగా ఉంది. వైరింగ్ చేసే ఉస్తాద్ దాన్ని గోటితో పీకాడు. కాలిన ప్లాస్టిక్ వాసన మీ దాకా వచ్చింది. ఏమీ మాట్లాడకుండా దిగి, ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాడు.

డ్రైవర్‌ది పాలమూరు. ఫాగ్ లైట్లు రెండు, పాటల డబ్బా ఒకటి తెచ్చుకున్నాడు.

"డబ్బాది 12 వోల్టులే గద ఉస్తాద్. ఒక్క బ్యాటరీకెల్లి వైరు గుంజితె అయిపోతది."

"నక్కో భాయ్. రెండెడ్ల బండి ఇది. ఒక్క ఎద్దుతోటే దున్నుతవా?"

లారీకి 12 వోల్టుల బ్యాటరీలు రెండు, వరసగా కలిపితే 24. ఒకదాని నుంచే వాడితే అది రోజూ ఖాళీ అవుతుంది. ఆల్టర్నేటర్ చూసేది మాత్రం రెండింటి మొత్తాన్నే. అందుకని దీనికి చార్జింగ్ చాలదు, పక్కదానికి ఎక్కువై నీళ్లు మరుగుతాయి. చివరికి రెండూ పోతాయి, తిట్లు బ్యాటరీ కంపెనీకి పడతాయి. 24ని 12 చేసే కన్వర్టర్ పెడితే ఈ గొడవ లేదు. దానికయ్యే ఖర్చు విని డ్రైవర్ మొహం చిట్లించాడు, కానీ ఊ అన్నాడు.

ఇక లైట్లు. ఒక్కొక్కటి 70 వాట్లు; రెండూ వెలిగితే దాదాపు 6 ఆంపియర్లు. అంత కరెంటు డ్యాష్‌బోర్డు మీది చిన్న స్విచ్చి గుండా పోనిస్తే అది వేడెక్కుతుంది. అందుకే రిలే. స్విచ్చి నుంచి సన్నవైర్లు రిలే పిన్నులు 85, 86కి; స్విచ్చి పని అక్కడితో సరి. లావువైరు బ్యాటరీ నుంచి 30కి, 87 నుంచి లైట్లకి. బ్యాటరీకి జానెడు దూరంలోనే 10 ఆంపియర్ల ఫ్యూజు. కొందరు దాన్ని తీసుకెళ్లి లైటు దగ్గర పెడతారు. మరి బ్యాటరీ నుంచి అక్కడి దాకా పోయే వైరుకు కాపలా ఎవరు? ఛాసిస్ అంచుకు ఒరుసుకుని షార్టయ్యేది ఆ వైరే.

ఇప్పుడు వంగి చూడండి. బంపర్ వెనక, ఎర్త్ బిగించే చోట రంగును ఇసుక కాగితంతో రుద్దుతున్నాడు. రూపాయి బిళ్లంత మేర ఇనుము తెల్లగా తేలేదాకా వదల్లేదు. రేకుకు ఉన్న రంధ్రంలో రబ్బరు బుష్ దూర్చి, అందులోంచి వైరు లాగాడు. నెగటివ్ మళ్లీ బిగించి, స్విచ్చి నొక్కమన్నాడు. రెండూ వెలిగాయి, పట్టపగలే కళ్లు చెదిరేలా. పైకి చూస్తున్నాయని తిట్టి నేలవైపు వంచాడు.

అప్పుడు డ్రైవర్ సీటు కిందినుంచి సంచి తీశాడు. అందులో రాగాలు తీసే హారన్.

"గిది సుత బిగియ్యి ఉస్తాద్."

మోటారు వాహనాల నిబంధనల్లో అలాంటిది కూడదని రాసుంది. ఉస్తాద్ అదేమీ చెప్పలేదు. స్క్రూడ్రైవర్‌తో రోడ్డు అవతలికి చూపించాడు.

"ఆ దుకాన్ల కడతరు. వైరు కాలినంక ఇటు రా."