లిమిట్ స్విచ్

లిమిట్ స్విచ్ అనగా యంత్రంలో కదిలే భాగం తన హద్దును చేరినపుడు ఆ సంగతిని కంట్రోలర్‌కు తెలిపే స్విచ్. కలప, ప్లాస్టిక్ వంటివాటిని కోసే సి.ఎన్.సి. రౌటర్లలో దీనిని వాడతారు. ఇది పాడైతే యంత్రం హద్దు దాటి చట్రాన్ని ఢీకొట్టవచ్చు.

నిర్మాణం

ఇళ్ళలోని చిన్న యంత్రాలలో ఎక్కువగా ఉండేది మైక్రో స్విచ్. ఇది 1932లో అమెరికాలోని ఫ్రీపోర్ట్ పట్టణంలో రూపొందింది. దీనికి కామన్, నార్మల్లీ క్లోజ్డ్ లేదా ఎన్.సి., నార్మల్లీ ఓపెన్ లేదా ఎన్.ఓ. అనే మూడు కాళ్ళు ఉంటాయి. మీటను నొక్కనపుడు కామన్ కాలు ఎన్.సి.తో కలిసి ఉంటుంది. నొక్కగానే దానిని వదలి ఎన్.ఓ.తో కలుస్తుంది.

ఎన్.సి. అనుసంధానం

ఎన్.ఓ. పద్ధతిలో తీగ తెగినా యంత్రానికి తెలియదు; ప్రమాదం జరిగినపుడే ఆ లోపం బయటపడుతుంది. ఎన్.సి. పద్ధతిలో తీగ తెగినా, కాలు ఊడినా వలయం తెగి యంత్రం వెంటనే ఆగుతుంది. అందువలన భద్రత దృష్ట్యా ఎన్.సి. మేలు. ఒకే అక్షానికి చెందిన రెండు ఎన్.సి. స్విచ్‌లను శ్రేణిలో కలుపుతారు. గెర్బిల్ 1.1 సాఫ్ట్‌వేర్ ఎన్.ఓ. స్విచ్‌లకు అనుగుణంగా ఉంటుంది కనుక ఎన్.సి. వాడినపుడు $5 విలువను 1గా మార్చాలి.

అరుగుదల లక్షణాలు

పొట్టు, దుమ్ము చేరడం, స్ప్రింగు సడలడం, మీట వంగడం ముఖ్య కారణాలు. హోమింగ్ చేసిన ప్రతిసారీ యంత్రం వేర్వేరు చోట్ల ఆగడం, ఏమీ తాకకుండానే అలారం రావడం లక్షణాలు. అయితే స్పిండిల్ తీగల నుండి వచ్చే విద్యుత్ అలజడి వలన కూడా తప్పుడు అలారం రావచ్చు. కనుక ముందుగా స్విచ్‌ను మల్టీమీటరుతో పరీక్షించాలి.

మార్చే విధానం

# ప్లగ్గు తీసి, ఏ తీగ ఏ కాలికి ఉందో గుర్తు పెట్టుకోవాలి.
# అదే కొలత, అదే రకం మీట ఉన్న స్విచ్‌ను బిగించాలి. చట్రం తగలక ముందే మీట నొక్కుకొనేలా అమర్చాలి.
# స్విచ్ తీగలను స్పిండిల్ తీగలకు దూరంగా నడపాలి.
# కరెంటు ఇచ్చాక, యంత్రాన్ని కదపక ముందే మీటను చేతితో నొక్కి, కంట్రోలర్ గుర్తిస్తున్నదో లేదో చూడాలి. ఆ తరువాత నెమ్మదిగా హోమింగ్ చేయాలి.

హైదరాబాదులో

నగరపు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాలలో పారిశ్రామిక వాడలు, నివాస కాలనీలు పక్కపక్కనే ఉన్నాయి. కర్మాగారాల యంత్రాలలో లోహపు పెట్టెలో అమర్చిన, రోలరు గల పెద్ద లిమిట్ స్విచ్‌లను వాడతారు. ఇళ్ళలోని రౌటర్లకు మైక్రో స్విచ్ సరిపోతుంది. మైక్రో స్విచ్‌లు కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ దుకాణాలలోను, పెద్ద రకాలు సికింద్రాబాదు రాణీగంజ్‌లోను లభిస్తాయి.

ఇవి కూడా చూడండి

* రిలే
* స్టెప్పర్ మోటారు
* మల్టీమీటరు