సిక్లిడ్ చేపలు: పోలిక, గుర్తింపు, సంకరాలు (విశాఖ తీరం)

సిక్లిడ్ కుటుంబంలో భారతదేశపు సొంత జాతులు మూడే. వాటిలో కేరళవాళ్లు కరిమీన్ అనేదాన్ని 1790లో, పసుపు ఒంటి చిన్న జాతిని 1795లో జర్మనీ శాస్త్రజ్ఞుడు బ్లోఖ్ వర్ణించాడు. కరిమీన్ తూర్పు తీరంలో చిలికా దాకా ఉప్పుకయ్యల్లో బతుకుతుంది. విశాఖ తీరం ఆ పరిధిలోదే. ఒంటి మీద అడ్డపట్టీలు, ముత్యాల్లాంటి చుక్కలు ఉంటాయి గనుక దాన్ని గుర్తించడం తేలిక.

చిక్కంతా తిలాపియాతోనే. బజారులో జిలేబి చేప అని పిలిచేది ఇదే. మొజాంబిక్ తిలాపియాను 1952లో శ్రీలంక నుంచి తమిళనాడులోని మండపం అనే ఊరికి తెచ్చారు. నైలు తిలాపియా ఆ తర్వాత వచ్చింది. దాని మేలురకం ‘గిఫ్ట్’ పిల్లల్ని విజయవాడ దగ్గరి మానికొండలో ఉత్పత్తి చేశారు.

ఈ రెంటినీ వేరు చేయాలంటే తోక విప్పి చూడాలి. నైలు జాతికి తోక పొడవునా క్రమంగా నిలువు చారలుంటాయి; మొజాంబిక్‌కు అలాంటి వరస ఉండదు. సంతానోత్పత్తి కాలంలో మొజాంబిక్ మగది నల్లబడుతుంది, గొంతు తెల్లగా ఉంటుంది, వీపు రెక్క అంచు ఎర్రబారుతుంది. ముదిరిన మగదాని మూతి పెద్దదై, నుదురు లోపలికి వంగుతుంది. మొప్పల ముళ్లు నైలు జాతికే ఎక్కువ. పిల్లచేపల్లో ఈ తేడాలు చాలావరకు తేలవు. చచ్చిన చేపకు రంగు నిలవదు కాబట్టి మంచులో ఉన్నదాన్ని రంగుతో తేల్చడం సరికాదు.

చూపు ఎంత మోసం చేస్తుందో మలక్కాలో తేలింది. ఒకే జాతి అనుకున్న రెండు తిలాపియా రకాలను హిక్లింగ్ అనే శాస్త్రజ్ఞుడు కలిపితే, ఒక జోడీకి దాదాపు అన్నీ మగపిల్లలే పుట్టాయి. ఆ ఫలితాన్ని ఆయన 1960లో ప్రకటించాడు. వాటిలో జాంజిబార్ నుంచి వచ్చిన రకం వేరే జాతి అని శాస్త్రజ్ఞురాలు ట్రెవావాస్ 1966లో దానికి కొత్త పేరు పెట్టింది. రెండూ వేరని ముందు చెప్పింది సంకరమే.

నైలు, మొజాంబిక్ సంకరాల్లో తోక చారలు అరకొరగా కనిపించవచ్చు. మళ్లీ తల్లిజాతితో కలిస్తే అదీ మాసిపోతుంది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి వంశాన్నే చెబుతుంది, కాబట్టి కేంద్రక డీఎన్‌ఏ కూడా చూడాలి. అనుమానం ఉన్నచోట ‘తిలాపియా, జాతి తేలలేదు’ అని రాయడమే నిజాయితీ.

ఆఫ్రికాలో సొంత నదుల్లోనే మొజాంబిక్ తిలాపియా నైలు జాతితో కలిసిపోయి ప్రమాదంలో పడింది. పరాయి చేపను నీళ్లలో వదిలితే జరిగే చేటు అలాంటిది. అందుకే విశాఖవాసులకు ఒక విన్నపం: అక్వేరియంలో పెంచిన సంకర సిక్లిడ్ ఫ్లవర్‌హార్న్‌ను గానీ, చెరువులో మిగిలిన తిలాపియాను గానీ మేఘాద్రిగెడ్డలో, ముడసర్లోవలో వదలకండి.