తాబేలు గీసిన త్రిభుజం

చరిత్ర మీద ప్రేమతో బి.ఏ.లో చేరానని అందరికీ చెబుతూంటాను గానీ, అసలు సంగతి వేరు. తొమ్మిదో తరగతిలో నల్లబల్ల మీద త్రిభుజం తప్పు వేస్తే, లెక్కల మాస్టారు క్లాసందరి ముందూ "నీకు ముగ్గులే గతి, పో!" అన్నారు. ఆ రోజుతో నా జామెట్రీ బాక్సు అటకెక్కింది.

మొన్న సెలవులకొచ్చిన మా అక్క కూతురు కంప్యూటర్లో తాబేలుచేత బొమ్మలు గీయిస్తూంటే ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది.

ఈ తాబేలుకో కథ ఉంది. 1967లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో సీమోర్ పేపర్ట్, వాలీ ఫర్జైగ్, సింథియా సాలమన్ మొదలైనవాళ్ళు పిల్లల కోసం ‘లోగో’ అనే కంప్యూటర్ భాష తయారుచేశారు. పేపర్ట్ దక్షిణాఫ్రికాలో పుట్టిన గణితవేత్త. సింథియా మాత్రం, నమ్మండి, నాలాగే చరిత్రలో బి.ఏ.! సెక్రటరీగా పనిచేస్తూ ప్రోగ్రాములు రాయడం తనంతట తానే నేర్చుకుందిట. (అది చదివి ఆ పూట కూర మాడ్చాను.)

మొదట్లో లోగోలో మాటలతో ఆటలే. రెండు మూడేళ్ళకి తాబేలొచ్చింది. చక్రాల మీద నేలంతా తిరిగే యంత్రం, పొట్ట కింద కలం. తర్వాత తెరమీదికెక్కి చిన్న గుర్తయిపోయింది. "ముందుకు 100" అంటే గీత గీస్తూ నడుస్తుంది. "కుడికి 90" అంటే ఉన్నచోటే తిరుగుతుంది. ఆ రెండు మాటలూ చాలు.

మా పిల్ల సమాన భుజాల త్రిభుజం వెయ్యబోయింది. కోణం 60 కదా అని మూడుసార్లు "ముందుకు 100, కుడికి 60" అంది. త్రిభుజం రాలేదు సరికదా, పగిలిన గిన్నెలా నోరు తెరుచుకుంది. సరిగ్గా నేను నల్లబల్ల మీద చేసిన ఘనకార్యం! పిల్ల ఏడవలేదు. లేచి హాల్లో తాబేలులాగే నడిచింది. మూల దగ్గర ఆగి, "పిన్నీ, లోపలి కోణం 60 అయినా నేను తిరగాల్సింది 120!" అంది. నిజమే. చుట్టూ తిరిగి మొదటికొచ్చేసరికి మూడు నూట ఇరవైలు, 360. చతురస్రమైతే నాలుగు తొంభైలు. అడుగు వేసి ఒక్క డిగ్రీ తిరుగుతూ 360 సార్లు నడిస్తే వృత్తం. కంపాసెందుకు?

పేపర్ట్ 1980లో రాసిన ‘మైండ్‌స్టార్మ్స్’లో చెప్పిందీ ఇదే. ప్రోగ్రాము తప్పితే, ఒప్పా తప్పా అని కాదు, ఎక్కడ సరిచెయ్యాలీ అని అడగాలిట. మా అమ్మమ్మ తప్పిన ముగ్గుని చేత్తో తుడిచి మళ్ళీ పెట్టేది. ఎవరూ ఆవిణ్ణి మొద్దు అన్లేదు.

ముగ్గంటే గుర్తొచ్చింది. 1974లోనే మద్రాసులో గిఫ్ట్ సిరోమనీ, ఆయన భార్య రాణి, కమలా కృతివాసన్ తమిళుల ముగ్గు ‘కోలం’ మీద గణిత వ్యాసం ప్రచురించారు. ముగ్గుకున్న నియమాలని కంప్యూటర్‌కి పనికొచ్చే వ్యాకరణంగా రాశారు. ముగ్గులే గతి అన్న మా మాస్టారికి ఆ సంగతి తెలిసుండదు.

రాత్రి పిల్ల పడుకున్నాక నేనూ కూచున్నాను. త్రిభుజం మొదటి దెబ్బకే వచ్చింది. ధైర్యం చేసి చుక్కల ముగ్గు మొదలెట్టాను. మూడో మెలికలో తాబేలు దారి తప్పి తెర అంచుకెళ్ళి కూచుంది. ఎక్కడో పది డిగ్రీలు ఎక్కువ తిప్పినట్టున్నాను. ఇవాళ వంట తొందరగా ముగించుకుని చూడాలి.